మామ పెట్టిన వీడియో, అమ్మ మానేసిన పని

ప్రశ్న: అక్కా, మాది ఐరాల దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు. తిరుపతిలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, హాస్టల్లో ఉంటాను. నాన్న లేరు. అమ్మ కూలికి పోతుంది, పొలాల్లో పని లేనప్పుడు కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి, పోతుంది. మా మేనమామ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నా డిగ్రీ ఫీజు సగం ఆయనే కట్టాడు. తాత పేరు మీద ఉన్న మూడెకరాల మామిడి తోట ఇప్పుడు ఆయనే చూసుకుంటున్నాడు. పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మామ ఒక వీడియో పెట్టాడు. అందులో ఉపాధి పనికి వచ్చిన ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని ఉంటారు. 'మన ట్యాక్సులు ఇలా పోతున్నాయి. వీళ్ల వల్లే కాయ కోతకు మనుషులు దొరకడం లేదు. కొత్త చట్టం తెచ్చి మంచి పని చేశారు' అని కింద రాశాడు. అమ్మకు చదువు రాదు, పక్కింటి పిల్ల చదివి వినిపించిందట. ఆ రోజు నుంచి అమ్మ కరువు పనికి పోవడం మానేసింది. అడిగితే 'తమ్ముడికి తలవంపులు ఎందుకులే' అంటోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గ్రూపులోనే మామకు గట్టిగా సమాధానం చెప్పనా? ఫీజు కట్టిన మనిషికి ఎదురు చెప్పొచ్చా? ఇంకోటి, ఉపాధి హామీకి కొత్త చట్టం వచ్చాక ఈ పని ఉంటుందా పోతుందా అని అమ్మ అడుగుతోంది. నాకు సరిగా తెలియదు. కాస్త వివరంగా చెప్పండి.
- ఒక చెల్లెలు, తిరుపతి

సమాధానం:

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'తమ్ముడికి తలవంపులు ఎందుకులే' అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. గడ్డపార పట్టి, గంప మోసి, కొలత ప్రకారం డబ్బు తీసుకున్న మనిషి తాను తప్పు చేసినట్టు ఇంట్లో కూర్చుంది. మామతో మాట్లాడటం కంటే ముందు ఆమెను మళ్లీ పనిలోకి పంపే సంగతి చూడాలి. అయినా నువ్వు అడిగిన వరుసలోనే వస్తాను.

గ్రూపులో సమాధానం పెట్టొద్దు. ఫీజు కట్టాడని చెప్పి కాదు. గ్రూపులో నలుగురూ చూస్తుండగా మామ తగ్గడు, ఎవరూ తగ్గరు. నువ్వు ఒక మాట అంటే ఆయన ఇంకో వీడియో పెడతాడు, పెద్దమ్మ కొడుకు దానికి చప్పట్ల బొమ్మ పెడతాడు, సాయంత్రానికి అసలు సంగతి పోయి ఎవరు ఎవరిని గౌరవించలేదనే పంచాయితీ మిగులుతుంది. ఫోన్ చెయ్. ఊరికి వస్తే ఎదురుగా కూర్చో. మొదట లెక్కలు చెప్పొద్దు. 'మామా, నువ్వు పెట్టిన వీడియో అమ్మకు తెలిసింది. ఆ రోజు నుంచి పనికి పోవడం లేదు' అని చెప్పి ఆగు. ఆయన ఏమంటాడో విను. చాలామంది ఇలాంటివి పంపేటప్పుడు ఎవరో ఎక్కడో ఉన్న సోమరుల గురించి పంపుతున్నామనే అనుకుంటారు. ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లలో తన అక్క ఉందని మీ మామకు తట్టి ఉండదు. ముందు అది తట్టాలి.

ఫీజు సంగతి. డిగ్రీ ఫీజు సగం మామ కట్టాడు, సంతోషం, ఆయనకు కృతజ్ఞత ఎప్పుడూ ఉండాలి. మరి మిగతా సగం ఎవరు కట్టారో నువ్వు రాయలేదు. నాన్న లేని ఇంట్లో అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో నాకు తెలుస్తూనే ఉంది. అందులో కరువు పని డబ్బు ఎంతుందో అమ్మను అడుగు. మామకు చెప్పాల్సినవాటిలో అదీ ఒకటి. ఆయన మీద గౌరవం ఉంచుకునే చెప్పొచ్చు. ఆయన చేసిన సాయానికి బదులుగా అమ్మ మర్యాదను వదులుకోమని ఆయన కూడా అడగలేదు కదా.

ఇప్పుడు ఆ వీడియో. చెట్టు నీడ గురించి ఒక విషయం నీకు తెలియాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూల్లోనే పని జరిగే చోట తాగునీరు, విశ్రాంతి తీసుకోవడానికి నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని కూడా రాశారు. అంటే నీడలో కూర్చోవడం చట్టం ఇచ్చిన సదుపాయం. మన దగ్గర ఎండాకాలం పనికి తెల్లవారకముందే బయల్దేరతారు. పదకొండు గంటలకు ఎవరైనా వచ్చి ఫోన్ తీసి వీడియో పట్టుకుంటే అందులో కూర్చున్న మనుషులే కనిపిస్తారు. ఆరు గంటలకు వచ్చి తీసుంటే గడ్డపారలు కనిపించేవి.

కూర్చున్నంత మాత్రాన డబ్బు రాదు కూడా. మన రాష్ట్రంలో కొలత మీద కూలి కడతారు. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు తవ్వారో టేపు పెట్టి చూసి, ఆ లెక్కన వచ్చిన కూలిని కలిసి తవ్విన గ్రూపులో ఉన్నవాళ్లకు పంచుతారు. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. రాతి నేల తగిలి కొలత తక్కువ వస్తే అదీ రాదు. పైగా 2023 జనవరి నుంచి హాజరు కోసం యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. గుట్ట పక్కన సిగ్నల్ దొరక్క ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కష్టమంతా పోయినట్టే. ఆఫీసులో బయోమెట్రిక్ పని చేయలేదని మీ మామకు ఒక రోజు జీతం కట్ చేస్తే ఎలా ఉంటుందో ఆయననే ఊహించుకోమను.

నేను చిత్తూరు పడమటి మండలాల్లో ఒక చోట సామాజిక తనిఖీ ప్రజావేదికకు, అంటే ఉపాధి పనుల లెక్కలు జనం ముందే సరిచూసే సభకు, వెళ్లాను. షామియానా కింద మైకు, బల్లల మీద ఫైళ్లు, అధికారులు. అరవై దాటిన ఒక అవ్వ లేచి నిలబడింది. చీర కొంగు ముడి విప్పి, పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకున్న జాబ్ కార్డు తీసింది. ఆ కవర్ను ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర తెల్లగా పగిలిపోయి ఉంది. 'నేను పన్నెండు దినాలు పోతి సార్, ఆరు దినాల దుడ్డే పడింది' అంది. మైకు ముందుకు రమ్మంటే రాలేదు. ఉన్నచోటే నిలబడి వేళ్ల మీద ఒక్కో దినం చెప్పింది, ఏ దినం ఏ చెరువు దగ్గర ఎవరి పక్కన తవ్విందో. మస్టరు, అంటే హాజరు పట్టీ, తీసి చూశారు. ఆమె చెప్పిందే నిజం. ఒక పేద ముసలామె ఆఫీసర్ల ముందు నిలబడి 'నా దుడ్డు ఏదీ' అని అడగడం నేను మొదటిసారి చూసింది అక్కడే. ఈ చట్టం ఏం చేసిందని ఎవరైనా అడిగితే నాకు ఆ అవ్వ వేళ్లే గుర్తొస్తాయి.

దొంగ మస్టర్లు లేవా అంటే ఉన్నాయి. జేసీబీతో తవ్వించి మనుషులు తవ్వినట్టు రాసిన చోట్లున్నాయి, ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీద డబ్బు లాగిన చోట్లున్నాయి. ఈ మాట మామ అంటే ఒప్పుకో, దాచొద్దు. కానీ ఆ దొంగతనం బయటపడేది కూడా ఈ చట్టం పెట్టిన సామాజిక తనిఖీలోనే. దేశంలో దాన్ని ముందుగా గట్టిగా నడిపింది మన ఆంధ్రప్రదేశే. రోడ్డు కాంట్రాక్టులో దొంగ బిల్లు దొరికితే రోడ్లు వేయడం మానేయమని ఎవరూ అనరు. కూలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి పథకమే తీసేయమంటారు.

'కరువు పని' అన్న పేరు ఉంది చూడు, దాని వెనక పాత బాధ ఉంది. 1876-78 నాటి ధాతు కరువులో తెల్లదొరలు పెట్టిన పనుల్లో రోజంతా రాళ్లు కొట్టిన మనిషికి పౌను ధాన్యం, ఒక అణా చాలునని లెక్క కట్టారు. అప్పుడు మన చిత్తూరు సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. పౌనంటే అర కిలో కంటే తక్కువ. అప్పటి నుంచి కరువు పని అంటే ప్రభువులు దయతలచి పెట్టే పని. స్వతంత్రం వచ్చాకా ఆ వాసన పోలేదు. 2002 కరువు నాకు బాగా గుర్తుంది. పనికి ఆహారం పథకంలో మా అమ్మ మట్టి మోసింది. పని ఎవరికి ఇవ్వాలో కాంట్రాక్టరు ఇష్టం. కూలి కింద ఇవ్వాల్సిన బియ్యం ఎప్పుడిస్తారో చెప్పరు. మా అమ్మ సంచి పట్టుకుని మూడుసార్లు తిరిగి, నాలుగోసారి పోలేదు. ఆ బియ్యం మాకు ఇప్పటికీ రాలేదు. అడగడానికి ఒక కాగితం గానీ, అడగొచ్చని చెప్పే చట్టం గానీ ఆమె దగ్గర లేవు.

2005లో వచ్చిన చట్టం మార్చింది దాన్నే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. మొదటి విడతలో తీసుకున్న 200 జిల్లాల్లో మన చిత్తూరు కూడా ఉంది. కాంట్రాక్టర్లు ఉండకూడదు, యంత్రాలు పెట్టకూడదు. మగవాళ్లకు ఆడవాళ్లకు ఒకే కూలి. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆడవాళ్ల కూలి మగవాళ్ల కూలిలో సగమో ముప్పావో ఉన్న ఊళ్లలో 'అక్కడ సమానంగా ఇస్తున్నారు, ఇక్కడ ఎందుకివ్వరు' అని అడిగే ధైర్యం ఈ పని నుంచే వచ్చింది. కాయ కోతకు మనుషులు దొరకడం లేదన్న మాట అసలు అక్కడ పుడుతుంది.

కాయ కోత గురించి మామ బాధ అబద్ధమని నేను అనను. మామిడి కోత జూన్, జూలైల్లో మీద పడుతుంది, అందరి తోటలూ ఒకేసారి వస్తాయి. కానీ ఆ మనుషులు ఎక్కడికి పోయారు? ఆయన ఎక్కడికి పోయాడో వాళ్లూ అక్కడికే పోయారు. బెంగళూరు, చెన్నై, శ్రీసిటీ ఫ్యాక్టరీలు, తిరుపతి హోటళ్లు. చెట్టెక్కి కాయ దింపేవి ఎక్కువగా మగవాళ్ల ముఠాలు, వాళ్లు 307 రూపాయల కోసం కోత వదులుకుని రారు. ఇక నీ తల్లి లాంటి ఆడవాళ్లు. తోటలో అంతకంటే ఎక్కువ కూలి, ఒక పూట అన్నం ఉంటే వాళ్లు తోటకే పోతారు. తక్కువ ఇస్తే పోరు. పోకుండా ఉండగలగడమే వాళ్లకు వచ్చిన బలం. అంతకుముందు ఎంతిస్తే అంతకు పోవాల్సి వచ్చేది.

ఆ తోట గురించే ఇంకో విషయం తెలుసుకో. మన జిల్లాలో సన్నకారు రైతుల మామిడి తోటలు ఎన్నో ఉపాధి హామీలోనే పెట్టారు. గుంతలు తవ్వడం, మొక్కలు నాటడం, మొదటి మూడేళ్లు నీళ్లు పోయడం, ఇవన్నీ జాబ్ కార్డు ఉన్నవాళ్లు చేసిన పనులే. తాత తోట ఎప్పటిదో, ఆ గుంతలు ఎవరు తవ్వారో అమ్మను అడిగి చూడు. నా అనుమానం నిజమైతే మామకు చెప్పడానికి అంతకంటే మంచి మాట ఉండదు. పద్ధతిగా చెప్పు, ఎత్తిపొడుపుగా కాదు.

2025 సీజన్ ఆయన మరిచిపోయి ఉండడు. తోతాపురి కాయ పట్టుకుని ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని చెప్పారు. ఫ్యాక్టరీలు ఆ 8 ఇవ్వడం లేదని రైతులు రోడ్డెక్కారు. కేంద్రం కూడా మార్కెట్ జోక్యం పథకం కింద సగం భరించడానికి ఒప్పుకుంది. ఆ 4 రూపాయలు ప్రజల డబ్బే. రైతుకు ఇవ్వాల్సిందే, నా లెక్కలో ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఆ 4 రూపాయలు తీసుకున్నందుకు మామ తల దించుకోవాల్సిన పని లేదు. చెట్టు పెంచి, కాయ పండించిన రైతును మార్కెట్ మోసం చేస్తే నిలబెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. గుంత తవ్విన అక్కకు 307 ఇచ్చినప్పుడు మాత్రం అది 'మన ట్యాక్సు' ఎలా అవుతుంది? తోటకు వచ్చిన డబ్బు సాయం, అక్కకు వచ్చిన డబ్బు దుబారా అంటే ఒకే ఇంట్లో రెండు కొలతలు పెట్టినట్టు కాదా?

ట్యాక్సు సంగతి కూడా తేల్చుకుందాం. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లే దేశాన్ని పోషిస్తున్నారని చదువుకున్నవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మీ అమ్మ ఫోన్‌కు 199 రూపాయల రీఛార్జ్ చేయిస్తే అందులో 30 రూపాయలు జీఎస్టీ, 18 శాతం లెక్కన. బెంగళూరులో మామ వేయించుకుంటే ఆయనా అదే 30 కడతాడు. సబ్బు, టూత్‌పేస్ట్ మీద 2025 సెప్టెంబర్‌లో 5 శాతానికి తగ్గించేదాకా ఎనిమిదేళ్లు 18 శాతం కట్టింది నీ తల్లి. ఆమె పేరు ఏ ట్యాక్సు రికార్డులోనూ ఉండదు కాబట్టి కట్టలేదని అనుకుంటున్నారు.

పెద్ద లెక్క ఒకటే చెబుతాను. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీల మీద ఆదాయపు పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. దాని వల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం పోతుందని ఆ రోజు ప్రభుత్వమే ప్రకటించింది. దేశం మొత్తం మీద ఉపాధి హామీకి 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 86,000 కోట్లు. కంపెనీలకు ఇచ్చినదాన్ని ప్రోత్సాహకం అన్నారు. 2022లో ప్రధాని ఉచితాల సంస్కృతి గురించి హెచ్చరించినప్పుడు ఈ పన్ను తగ్గింపు ఆ లెక్కలోకి రాలేదు. పేదవాళ్లకు వెళ్లే డబ్బుకు ఒక మాట, పెద్దవాళ్లకు వెళ్లే డబ్బుకు ఇంకో మాట వాడతారు. రోజూ వినీ వినీ ఆ మాటలే మన నోటికీ వచ్చేశాయి. మీ మామ నోటికి వచ్చింది ఆ భాషే. నాకు ఆయన మీద కంటే ఆ భాష మీదే కోపం.

ఒక సంఘటన గుర్తు చెయ్. 2015 ఫిబ్రవరిలో లోక్‌సభలో ప్రధాని ఇదే పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు స్మారకమని అన్నారు. ఐదేళ్లకు కోవిడ్ వచ్చింది. బస్సులు లేక జనం నడిచి ఊళ్లు చేరారు. అప్పుడు అదే ప్రభుత్వం ఇదే పథకానికి అదనంగా 40,000 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది దేశంలో ఏడు కోట్లకు పైగా కుటుంబాలు ఈ పని చేసి గట్టెక్కాయి. మన వైపు కూడా బెంగళూరు, చెన్నై నుంచి తిరిగొచ్చిన పిల్లలు, డిగ్రీ చదివినవాళ్లు గడ్డపార పట్టుకున్నారు.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. పని ఉంటుందా, పోతుందా?

అమ్మకు ఇలా చెప్పు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు పాత చట్టాన్ని తీసేసి కొత్త చట్టం చేసింది. పేరు వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్), అందరూ వీబీ-జీ రామ్ జీ అంటున్నారు. గాంధీ గారి పేరు పోయింది. పేరు పోయిందని చాలామంది బాధపడ్డారు, నాకూ బాధే, అయితే అంతకంటే ముఖ్యమైనవి లోపల మారాయి. 100 రోజుల బదులు 125 రోజులని రాశారు. వినడానికి బాగుంది. కానీ 100 రోజులు ఉన్నప్పుడే దేశంలో ఒక కుటుంబానికి సగటున సుమారు 50 రోజుల పనే దొరికింది. విస్తరి పెద్దది వేసినంత మాత్రాన అన్నం ఎక్కువ వడ్డించినట్టు కాదు. వడ్డించే చేయి ఏం చేస్తుందో చూడాలి.

పాత చట్టంలో కూలి డబ్బు మొత్తం కేంద్రానిది. ఎంతమంది అడిగితే అంతమందికి పని, దానికి తగ్గ డబ్బు పంపడం ఢిల్లీ బాధ్యత. పంపడంలో ఆలస్యాలు చేశారు, బకాయిలు పెట్టారు, అయినా బాధ్యత మాత్రం వాళ్లదే. కొత్త చట్టంలో ఏ రాష్ట్రానికి ఎంతో ఏటా ముందుగానే కేంద్రం నిర్ణయిస్తుంది. ఖర్చులో 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు మన లాంటి రాష్ట్రాలు పెట్టుకోవాలి. నిర్ణయించిన దానికి మించితే ఆ భారమంతా రాష్ట్రానిదే. ఖజానాలో డబ్బు లేని రాష్ట్రం ఏం చేస్తుంది? పని అడగడానికి వచ్చినవాళ్లను 'ఇప్పుడు లేదమ్మా, తర్వాత చూద్దాం' అని తిప్పి పంపుతుంది. నన్ను భయపెడుతున్నది అదే. రేపు అమ్మకు పని దొరక్కపోతే ఢిల్లీని అడగాలో, అమరావతిని అడగాలో తెలియదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

మామ సంతోషపడిన విషయం కూడా ఇందులోనే ఉంది. విత్తనాలు, కోతల కాలం అని చెప్పి ఏడాదిలో మొత్తం 60 రోజుల దాకా ఈ పనులు ఆపేస్తారు. ఆ రోజులను రాష్ట్రం ముందుగానే ప్రకటిస్తుంది. కాలువ కింద వరి పండే చోట దీనికి ఏదో అర్థం ఉందనుకుందాం. మన దగ్గర చెనిక్కాయ విత్తనం వాన చేతిలో ఉంది. జూన్‌లో పడాల్సిన వాన ఆగస్టుకు జరిగిన ఏళ్లు ఎన్ని చూడలేదు? కాగితం మీద విత్తనాల కాలం అని ఉపాధి పని ఆపేస్తారు, ఆకాశం చూస్తే మబ్బు ఉండదు, పొలంలో పని ఉండదు. ఆ నెలలో మీ అమ్మ ఏం తినాలి? ఒకవేళ వాన పడి పొలంలో పని ఉన్నా, వేరే పని లేదని అందరికీ తెలిసినప్పుడు కూలి ఎంతివ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? బేరం చేసే బలం ఆమె చేతిలోంచి తీసి రైతు చేతిలో పెట్టడమే కదా ఇది. పోనీ రైతుకైనా కష్టం తీరుతుందా అంటే గుజ్జు ఫ్యాక్టరీ రేటు అలాగే ఉంటుంది. గిట్టుబాటు ధర ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వక, ఆ నష్టాన్ని కూలివాళ్ల రెక్కల మీదికి నెడుతున్నారు. మామా, మీ అమ్మా ఒకరి మీద ఒకరు కోపం పెట్టుకుంటే ఆ ధర గురించి అడిగేవాళ్లు ఉండరు.

అంటే పని పోదు. హక్కుగా దొరికేది కోటాగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు మానేయకూడదు. పని అడిగేవాళ్లు తగ్గితే 'డిమాండ్ లేదు' అని రాసుకుని వచ్చే ఏడాది కోటా ఇంకా తగ్గించడం ఎవరికైనా సులువు. మీ అమ్మ సిగ్గుపడి ఇంట్లో కూర్చున్న ప్రతి రోజూ ఆ లెక్కలోకే పోతుంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ఈ ఆదివారం ఊరికి పో, వీలైతే సోమవారం సెలవు పెట్టు. అమ్మతో పాటు తెల్లవారుజామునే పని దగ్గరికి పో. నువ్వు తవ్వక్కర్లేదు, నీళ్ల క్యాన్ మోయి చాలు. తిరుపతిలో ఉద్యోగం చేసే కూతురు తన పక్కన నడిచి వస్తే ఆమె మనసులో బరువు ఎంత దిగుతుందో నువ్వే చూస్తావు. ఎవరైనా 'ఏం పాపా, నువ్వూ వచ్చినావా' అని అడిగితే 'మా అమ్మ పని చూడ్డానికి వచ్చినా' అని గట్టిగా చెప్పు, ఆమెకు వినపడేట్టు.

పని ఇవ్వకపోతే నోటి మాటతో వదలొద్దు. పని కావాలని అర్జీ రాసి, తేదీతో రసీదు తీసుకో. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ తీసుకోకపోతే పంచాయతీలోనో సచివాలయంలోనో ఇవ్వు. నిరుద్యోగ భృతి అన్నది కొత్త చట్టంలోనూ ఉంది, కానీ రసీదు లేనిదే దాన్ని అడగలేవు. ఒక్కతే ఇస్తే పక్కన పడేస్తారు, అమ్మ గ్రూపులో ఉన్న పది మంది చేత ఒకే రోజు ఇప్పించు. జాబ్ కార్డుకు ఈ-కేవైసీ అయిందో లేదో అడుగు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో చూడు, 2024 జనవరి నుంచి అది లేకపోతే డబ్బు పడదు. గ్రామసభ ఎప్పుడో కనుక్కో, ఈసారి అమ్మతో పాటు నువ్వూ పో. రాష్ట్రం ఏ 60 రోజులు ఆపాలనుకుంటుందో, మన మండలంలో వాన రాకపోతే ఏం చేస్తారో అక్కడ అడగండి, తీర్మానంలో రాయించండి. మండలంలో వ్యవసాయ కూలీల సంఘం ఉంటే వాళ్ల దగ్గరికీ పో. వాళ్లు జెండా పట్టుకుంటారని భయపడొద్దు, ఏ ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలో వాళ్లకు తెలిసినంత నాకు కూడా తెలియదు.

మామతో మాట్లాడాక ఆయన మనసు మారకపోవచ్చు. రాజకీయాల్లో ఆయన ఎవరిని అభిమానిస్తాడో అది ఆయన ఇష్టం, దాన్ని మార్చడం నీ పని కాదు. ఆ వీడియో తీసేయమని, అక్కకు ఒకసారి ఫోన్ చేయమని మాత్రం అడుగు. క్షమాపణ అన్న మాట వాడొద్దు, మన ఇళ్లలో ఆ మాటకు మనుషులు బిగుసుకుపోతారు. 'అక్కా, ఎండ ఎక్కువగా ఉంది, తువ్వాలు చుట్టుకుని పో' అని ఆయన అంటే చాలు, మీ అమ్మకు అర్థమవుతుంది.

ఊరికి పోయినప్పుడు జాబ్ కార్డు తీసి చూడు. చివరి ఎంట్రీ ఏ తేదీదో, ఎన్ని రోజులు రాశారో, పాస్‌బుక్‌లో ఎంత పడిందో పక్కపక్కన రాసి నాకు పంపు. తేడా ఉంటే అర్జీ ఎలా రాయాలో ఇద్దరం కలిసి చూద్దాం.